స్మిత్సోనియన్ మ్యూజియాలు: ఎవరి సొమ్ము, ఎవరి పెత్తనం, ఎవరి కోసం?

వేసవి సెలవులు వచ్చాయంటే ఇండియా నుంచి తల్లిదండ్రులో, అత్తమామలో రావడం, వాళ్ళను వెంటబెట్టుకుని మనం వాషింగ్టన్ ప్రయాణం కట్టడం మన కుటుంబాల్లో ఆనవాయితీ అయిపోయింది. వైట్‌హౌస్‌ను ఇనుప కంచె బయటి నుంచే చూపిస్తాం. లింకన్ విగ్రహం ముందు నిలబెట్టి ఫోటో తీస్తాం. ఆ తరువాత మాల్ అని పిలిచే పచ్చిక మైదానానికి అటూ ఇటూ ఉన్న మ్యూజియాల్లో దూరతాం. రైట్ సోదరుల విమానం, చంద్రుడి దాకా వెళ్ళి వచ్చిన అపోలో 11 నౌక, ఏనుగు, తిమింగలం, వజ్రాలు చూసేసరికి కాళ్ళు పీకుతాయి. అప్పుడు పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. "ఇంత పెద్ద భవనాలకు టికెట్టు లేదేమిటి? వీటిని ఎవరు పోషిస్తున్నారు?"

"గవర్నమెంటు" అని మనం ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాం. ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగం తెలుసుకోవాలంటే దాదాపు రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆ కథ మనవాళ్ళకు చెప్పదగ్గది. అందులో మన కృష్ణా తీరపు వజ్రం ఒకటి ఉంది, మన రూపాయలు కూడా ఉన్నాయి.

వీలునామా

జేమ్స్ స్మిత్సన్ ఇంగ్లీషువాడు. 1765లో పుట్టాడు. తండ్రి నార్తంబర్లండ్ డ్యూకు. తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదు గనుక తండ్రి బిరుదు గాని, ఆస్తి గాని అతనికి దక్కలేదు. తల్లి వైపు నుంచి వచ్చిన డబ్బుతో బతుకుతూ రసాయనశాస్త్రం, ఖనిజశాస్త్రం చదువుకున్నాడు. జింకు ఖనిజం ఒకదానికి స్మిత్సనైట్ అనే పేరు అతని వల్లనే వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. 1826లో రాసిన వీలునామాలో ఆస్తినంతా తన మేనల్లుడికి ఇచ్చాడు. ఆ మేనల్లుడు పిల్లలు లేకుండా చనిపోతే మాత్రం ఆస్తి అమెరికా ప్రభుత్వానికి చెందాలనీ, వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ పేరుతో జ్ఞానాన్ని పెంచడానికీ, నలుగురికీ పంచడానికీ ఒక సంస్థ పెట్టాలనీ రాశాడు. అమెరికా గడ్డ మీద అతను జీవితంలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఎందుకిలా రాశాడో ఎక్కడా చెప్పలేదు.

స్మిత్సన్ 1829లో ఇటలీలోని జెనోవాలో కన్నుమూశాడు. మేనల్లుడు 1835లో సంతానం లేకుండా పోయాడు. అమెరికా కాంగ్రెసులో చర్చ మొదలైంది. పరదేశి దగ్గర దానం పుచ్చుకోవడం మన హోదాకు తగదని సౌత్ కరోలినా సెనేటర్ కాల్హూన్ వంటివారు వాదించారు. చివరికి 1836లో ఒప్పుకున్నారు. రిచర్డ్ రష్ అనే ఆయన లండన్ వెళ్ళి, కోర్టులో దావా గెలిచి, 1838లో 104,960 బంగారు సవరన్లు ఓడలో వేసుకుని తిరిగి వచ్చాడు. వాటిని కరిగించి అమెరికా నాణేలు పోస్తే 508,318 డాలర్ల 46 సెంట్లు తేలింది.

ఆ సొమ్మును ప్రభుత్వం ఏం చేసింది? అర్కన్సా మొదలైన రాష్ట్రాల బాండ్లలో పెట్టింది. ఆ రాష్ట్రాలు బాకీ ఎగ్గొట్టాయి. మాజీ అధ్యక్షుడై ఉండి కూడా ప్రతినిధుల సభలో సభ్యుడిగా పనిచేస్తున్న జాన్ క్విన్సీ ఆడమ్స్ ఊరుకోలేదు. ఇది చనిపోయినవాడు మనల్ని నమ్మి అప్పగించిన సొత్తు, పైసాతో సహా కక్కాల్సిందేనని ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. ఈలోగా విశ్వవిద్యాలయం పెడదామని ఒకరు, గ్రంథాలయమని ఒకరు, నక్షత్రశాలని ఆడమ్స్, వ్యవసాయ పాఠశాలని మరొకరు, ఇలా ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. 1846 ఆగస్టు 10న అధ్యక్షుడు పోల్క్ సంతకంతో చట్టం వచ్చింది. మూలధనం ప్రభుత్వ ఖజానాకు అప్పు ఇచ్చినట్టుగా భావించి, దాని మీద ఏటా 6 శాతం వడ్డీ శాశ్వతంగా చెల్లించాలని ఆ చట్టం నిర్ణయించింది. పోయిన సొమ్మును ప్రభుత్వమే నెత్తిన వేసుకుందన్న మాట.

ధర్మకర్తలు

మన ఊళ్ళలో ఈ పద్ధతి కొత్తది కాదు. వెనకటివాళ్ళు సత్రం కట్టించి, దానికి పదెకరాల మాన్యం రాసి, ఊళ్ళో నలుగురు పెద్దలను ధర్మకర్తలుగా పెట్టేవారు. సొమ్ము దాతది కాదు, ధర్మకర్తది కాదు, సత్రంలో భోంచేసే బాటసారిది. ధర్మకర్త మంచివాడైతే సత్రం నిలిచింది. కాకపోతే మాన్యం మాయమైంది. ఆ రెండు రకాలవీ మనం చూసినవే. స్మిత్సోనియన్‌ను అర్థం చేసుకోవడానికి మనకు ఈ సత్రం లెక్క చాలు.

స్మిత్సోనియన్ ధర్మకర్తలను రీజెంట్లు అంటారు. మొత్తం 17 మంది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, దేశ ఉపాధ్యక్షుడు హోదా రీత్యా సభ్యులు. ముగ్గురు సెనేటర్లు, ముగ్గురు ప్రతినిధుల సభ సభ్యులు. తక్కిన తొమ్మిది మంది మామూలు పౌరులు. వారిలో ఇద్దరు వాషింగ్టన్ వాసులై ఉండాలి. మిగిలిన ఏడుగురు వేర్వేరు రాష్ట్రాల వారు కావాలి, ఒకే రాష్ట్రం నుంచి ఇద్దరు కూడదు. పౌర సభ్యుల పదవీకాలం ఆరేళ్ళు. ఇందులో కిటుకేమిటంటే, న్యాయస్థానం, శాసనసభ, కార్యనిర్వాహక వర్గం మూడూ ఆ బల్ల దగ్గర ఉన్నాయి గాని, ఏ ఒక్కదానికీ పూర్తి పెత్తనం లేదు. పౌరులే ఎక్కువ మంది. రోజువారీ పాలనకు రీజెంట్లు ఒక కార్యదర్శిని నియమిస్తారు. ఆ పదవిని సెక్రటరీ అంటారు. అధ్యక్షుడి మంత్రివర్గంలో సెక్రటరీలకూ ఈయనకూ సంబంధం లేదు. 1846 నుంచి లెక్కపెడితే 2019లో పదవి చేపట్టిన లానీ బంచ్ 14వ సెక్రటరీ.

డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఖర్చులో 60 శాతానికి కొంచెం పైగా కాంగ్రెసు ఏటా మంజూరు చేస్తుంది. తక్కినది దాతల విరాళాలు, శాశ్వత నిధి మీద రాబడి, దుకాణాలు, పత్రిక వంటి వ్యాపారాల నుంచి వస్తుంది. ఉద్యోగులు కూడా రెండు రకాలు. కొందరు ప్రభుత్వోద్యోగులు, కొందరు ట్రస్టు జీతగాళ్ళు. పక్కపక్క బల్లల మీద కూర్చున్న ఇద్దరికి రెండు ఖాతాల నుంచి జీతం రావచ్చు. జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకులు వేలల్లో ఉన్నారు. గుంపును వెంటబెట్టుకుని ఒక్కో వస్తువు గురించి ఓపికగా చెప్పే వృద్ధులను మనం చూస్తూంటాం. వారిలో చాలామంది ఆ సేవకులే.

మన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం కథ కూడా ఇలాంటి మలుపే తిరిగింది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోకుండానే 1949లో చనిపోయారు. దివాన్ దేవిడీలో పోగుపడి ఉన్న ఆ వస్తు సంపదను 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు మ్యూజియంగా ప్రారంభించారు. వారసుల తగవులు కోర్టులో సర్దుబాటై, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. రాష్ట్ర గవర్నరు అధ్యక్షుడుగా ఒక ధర్మకర్తల మండలి దాన్ని నడుపుతోంది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. అక్కడ టికెట్టు ఉంది, ఇక్కడ లేదు. కాని వారసుడు లేని ఆస్తికి జనాన్నే వారసులుగా చేయడం రెండు చోట్లా జరిగింది.

పరిశోధనశాల మ్యూజియంగా మారిన వైనం

మొదటి సెక్రటరీ జోసెఫ్ హెన్రీ గొప్ప భౌతిక శాస్త్రవేత్త. ఆయనకు మ్యూజియం అంటే అంత ఇష్టం లేదు. వస్తువులు పోగేసి కాపలా కాయడంలోనే డబ్బంతా హరించిపోతుందని, పరిశోధనకు మిగలదని ఆయన భయం. తంతి ఆఫీసుల సాయంతో ఊరూరి వాతావరణ సమాచారం రోజూ తెప్పించి పటం మీద గుర్తులు పెట్టించాడు. అమెరికా వాతావరణ శాఖకు అది పునాది. 1850లో ఆయనకు సహాయకుడిగా వచ్చిన స్పెన్సర్ బేర్డ్ దీనికి పూర్తిగా విరుద్ధం. తాను సేకరించిన పక్షులు, జంతువుల నమూనాలతో రెండు రైలు పెట్టెలు నింపుకుని మరీ ఉద్యోగంలో చేరాడు. 1858లో పేటెంటు ఆఫీసులో ఉన్న ప్రభుత్వ సేకరణలు కూడా స్మిత్సోనియన్‌కు చేరాయి. హెన్రీ తరువాత బేర్డ్ సెక్రటరీ అయ్యాక మ్యూజియమే పైచేయి అయింది. 1881లో ప్రత్యేకంగా నేషనల్ మ్యూజియం భవనం తెరిచారు. 1889లో జంతుప్రదర్శనశాల ఏర్పడింది. 1910లో ప్రకృతి చరిత్ర భవనం, 1923లో ఫ్రియర్ ఆసియా కళాశాల, 1964లో ఇప్పుడు అమెరికా చరిత్ర మ్యూజియం అంటున్న భవనం, 1976 జూలై 1న విమాన అంతరిక్ష మ్యూజియం వరసగా వచ్చాయి.

ఇప్పుడు మొత్తం 21 మ్యూజియాలు, ఒక జంతుప్రదర్శనశాల. వీటిలో లాటినోల మ్యూజియం, మహిళా చరిత్ర మ్యూజియం 2020 డిసెంబరులో చట్టం పొందాయి గాని వాటికి ఇంకా సొంత భవనాలు లేవు. మాల్ మీదే ఉన్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌ను కూడా మనం ఈ లెక్కలో వేస్తుంటాం. అది 1937 చట్టంతో ఏర్పడి, తన సొంత ధర్మకర్తలతో విడిగా నడుస్తోంది.

మొత్తం వస్తువులు 15 కోట్ల పైచిలుకు. అందులో తొంభై వంతులకు పైగా ప్రకృతి చరిత్రవే, అంటే పురుగులు, మొక్కలు, ఎముకలు, రాళ్ళు. మనం అద్దాల వెనుక చూసేది చాలా కొద్ది భాగం. తక్కినదంతా గోదాముల్లో, సొరుగుల్లో భద్రంగా ఉంటుంది. మనలో కొందరికి ఇది వృథా అనిపించవచ్చు. కాని అడిగిన శాస్త్రవేత్తకు నూరేళ్ళ కిందటి పక్షి ఈకను, ఎండిన ఆకును తీసి చూపగలగడం కూడా ప్రజాసేవే. 2020 ఫిబ్రవరిలో 28 లక్షల వస్తువుల బొమ్మలను ఎవరైనా అనుమతి అడగకుండా, డబ్బు చెల్లించకుండా వాడుకోవచ్చని విడుదల చేశారు. ఆ తరువాత అవి ఇంకా పెరిగాయి. మన పిల్లల స్కూలు ప్రాజెక్టులకు ఇంతకంటే మంచి గని లేదు.

ఇక టికెట్టు సంగతి. న్యూయార్కులోని కూపర్ హ్యూయిట్ డిజైన్ మ్యూజియంలో తప్ప తక్కిన చోట్ల ప్రవేశం ఉచితం. కొన్నింటికి ముందుగా ఉచిత పాసు తీసుకోవాలి. క్రిస్మస్ రోజు తప్పిస్తే మాల్ మీది మ్యూజియాలు దాదాపు ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి. ఈ ఉచితం దానంతట అది నిలిచేది కాదు. 2010లో దేశం లోటు తగ్గించడానికి వేసిన కమిషన్ ముసాయిదాలో, స్మిత్సోనియన్‌కు వచ్చే వారి నుంచి తలకు ఏడున్నర డాలర్లు వసూలు చేయవచ్చన్న సూచన ఉంది. అది అమలు కాలేదు. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళతో ఆరుగురు బయలుదేరితే ఎంతవుతుందో మనం లెక్క వేసుకోవచ్చు. టికెట్టు లేదు గనుకనే మనం అరగంటకైనా లోపలికి వెళ్ళి వస్తాం, మళ్ళీ మళ్ళీ వెళ్తాం.

జనం దగ్గరికి

తలుపు తీసి పెట్టినంత మాత్రాన అందరూ లోపలికి రారని మొదట గట్టిగా గుర్తించినవాడు ఎనిమిదవ సెక్రటరీ డిల్లన్ రిప్లీ. 1964 నుంచి 1984 వరకు ఇరవై ఏళ్ళు ఆయనదే కాలం. మాల్‌కు కొద్ది మైళ్ళ దూరంలో అనకోస్టియా అనే పేద నల్లజాతి పేట ఉంది. అక్కడివాళ్ళు మాల్‌కు రావడం లేదని చూసి, 1967లో ఆ పేటలోనే మూతపడ్డ ఒక సినిమా హాలులో మ్యూజియం తెరిచారు. 1969లో అక్కడ పెట్టిన ప్రదర్శన ఎలుకల మీద. ఆ పేటవాళ్ళను పీడిస్తున్న సమస్య అదే కదా! రాజుల కిరీటాలకే కాదు, మన వంటింటి ఎలుకకు కూడా మ్యూజియంలో చోటుందని ఆ ప్రదర్శన చాటింది. అదే 1967లో మాల్ మీద జానపద కళల పండుగ మొదలైంది. కుమ్మరులు, నేతపనివాళ్ళు, పాటగాళ్ళు అక్కడే కూర్చుని పని చేస్తుంటే జనం చుట్టూ చేరి చూస్తారు, మాట కలుపుతారు.

రిప్లీ పక్షి శాస్త్రవేత్త. మన సలీం అలీ గారితో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మీద పది సంపుటాల గ్రంథం రాశాడు. 1968 నుంచి 1974 వరకు అది వెలువడింది. మన రూపాయల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 1950లు, 60లలో పి.ఎల్. 480 గోధుమలు మనదేశానికి వచ్చిన రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి. రేషను షాపుల ముందు క్యూలు కట్టిన తరం అది. ఆ గోధుమల ఖరీదును ఇండియా రూపాయల్లో చెల్లించింది. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇండియాలోనే పేరుకుపోయాయి. వాటిలో కొంత భాగాన్ని 1960ల నడిమి నుంచి కాంగ్రెసు స్మిత్సోనియన్ ద్వారా పరిశోధనకు ఇచ్చింది. పురావస్తు, జీవశాస్త్ర పరిశోధనలకు, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారు మన ఆలయాల వాస్తును ఫోటోలు తీసి భద్రపరచిన పనికి ఆ సొమ్ము సాయపడింది. మన తల్లులు రేషను గోధుమలకు చెల్లించిన రూపాయల్లో కొన్ని మన గుడి గోపురాల ఫోటోలుగా మిగిలాయంటే అబద్ధం కాదు.

1985లో భారత ఉత్సవాల సందర్భంగా ప్రకృతి చరిత్ర మ్యూజియంలో "అదితి" అనే ప్రదర్శన, మాల్ మీద "మేళా" పెట్టారు. ఇండియా నుంచి వచ్చిన చేతిపనివాళ్ళు, గారడీవాళ్ళు, జానపద కళాకారులు అందులో పాల్గొన్నారు. మన దేశపు సంతను వాషింగ్టన్ నడిబొడ్డున చూడగలగడం మన సమాజానికి చిన్న సంగతి కాదు.

కొల్లూరు వజ్రం

ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఎప్పుడు చూసినా జనం మూగి ఉండే వస్తువు హోప్ వజ్రం. 45.52 క్యారట్ల నీలి రాయి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇండియాలో కొని, 1668లో పద్నాలుగో లూయీకి అమ్మిన పెద్ద నీలం వజ్రాన్ని చెక్కగా మిగిలినదే ఇది. ఆ రాయి గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న కొల్లూరు గనిది అయి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. కొల్లూరు కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉండేది. గనులున్న ఆ ప్రాంతం పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. వజ్రం మాత్రం ఫ్రెంచి విప్లవంలో 1792లో దొంగల పాలై, లండన్‌లో తేలి, హోప్ అనే ధనికుడి పేరు పెట్టుకుని, చేతులు మారి మారి, చివరికి నగల వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ దగ్గరికి వచ్చింది. 1958లో ఆయన దాన్ని స్మిత్సోనియన్‌కు దానం చేశాడు. పంపించింది ఎలాగనుకున్నారు? గోధుమరంగు కాగితం చుట్టి, రిజిస్టరు పోస్టులో!

టావెర్నియే తన యాత్రా గ్రంథంలో కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిపి దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మన తెలుగు నేలను తవ్విన ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు కూడా మనకు మిగల్లేదు. రాజు పేరుంది, వర్తకుడి పేరుంది, దాత పేరుంది. మ్యూజియాల్లో ఎవరి పేరు నిలుస్తుంది, ఎవరి పేరు నిలవదు అన్న ప్రశ్న మనకు సంబంధించినదేనని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

తప్పులు, ఒత్తిళ్ళు

ఇంత చెప్పాక లోపాలు చెప్పకపోతే అది భజన అవుతుంది. మూడవ సెక్రటరీ లాంగ్లీ తయారుచేసిన విమానం 1903 డిసెంబరు 8న నదిలో కూలింది. సరిగ్గా తొమ్మిది రోజులకు రైట్ సోదరులు ఎగిరారు. అయినా స్మిత్సోనియన్ తన సెక్రటరీ విమానాన్నే ఎగరగల మొదటి విమానమంటూ ప్రదర్శించింది. ఆర్విల్ రైట్ కోపగించి తమ విమానాన్ని 1928లో లండన్ సైన్స్ మ్యూజియంకు పంపేశాడు. 1942లో స్మిత్సోనియన్ తన మాట వెనక్కి తీసుకున్నాక, 1948 డిసెంబరు 17న ఆ విమానం వాషింగ్టన్‌లో నిలబడింది. అప్పటికి ఆర్విల్ చనిపోయి పది నెలలు దాటింది.

హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానంతో 1995లో ఒక పెద్ద ప్రదర్శన తలపెట్టారు. జపాను ప్రజలు పడ్డ బాధకు అందులో చోటిచ్చారు. మాజీ సైనికుల సంఘాలు, కాంగ్రెసు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ప్రదర్శన రద్దయింది, డైరెక్టరు రాజీనామా చేశాడు. విమానాన్ని క్లుప్తమైన వివరాలతో చూపించి సరిపెట్టారు. 2007లో నాటి సెక్రటరీ ఖర్చుల మీద విమర్శలు వచ్చి రాజీనామా చేయవలసి వచ్చింది. ధర్మకర్తలు కళ్ళు మూసుకున్నారన్న మాట రీజెంట్లకూ తగిలింది, పర్యవేక్షణ పద్ధతులు మార్చుకున్నారు. అమెరికా ఆదివాసుల అస్థికలను వారి తెగలకు తిరిగి ఇవ్వాలని 1989 చట్టం ఆదేశించింది. ఒకప్పుడు జాతుల హెచ్చుతగ్గులు రుజువు చేస్తామని, అనుమతి లేకుండా మనుషుల మెదళ్ళు సేకరించినందుకు 2023లో సెక్రటరీ బంచ్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అన్యాయంగా వచ్చిన వస్తువులను తిరిగి ఇచ్చే విధానాన్ని 2022లో ప్రకటించి, బెనిన్ కంచు శిల్పాలను నైజీరియాకు అప్పగించారు.

ప్రభుత్వ డబ్బు మీద ఆధారపడటంలో ఉన్న చిక్కు కూడా మనం చూశాం. బడ్జెటు తగవుతో ప్రభుత్వం మూతపడితే మ్యూజియాలూ మూతపడతాయి. 2019 జనవరిలో అలాగే జరిగింది, 2025 అక్టోబరులో మళ్ళీ జరిగింది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వులో స్మిత్సోనియన్ పేరెత్తి, అక్కడి ప్రదర్శనల్లో దేశ చరిత్రను చెప్పే తీరు మార్చాలన్నారు. దీని మీద మనలో మనకే భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని 1846లో ఆ బల్ల చుట్టూ అన్ని కుర్చీలు ఎందుకు వేశారో, ఒకరే పెత్తనం చేయకుండా ఎందుకు కట్టడి చేశారో ఇలాంటప్పుడు బాగా అర్థమవుతుంది. ఎనోలా గే నాడు ఒత్తిడి కాంగ్రెసు నుంచి వచ్చింది, ఈసారి వైట్‌హౌస్ నుంచి వచ్చింది. ధర్మకర్తలకు పరీక్ష ఎప్పుడూ తప్పదు.

మన పెట్టెల్లో ఉన్న చరిత్ర

ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రకు ఒక మ్యూజియం కావాలని 1915లోనే అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు కోరారు. చట్టం రావడానికి 2003 దాకా పట్టింది. 2005లో లానీ బంచ్ డైరెక్టరుగా వచ్చేసరికి భవనం లేదు, చేతిలో వస్తువులు లేవు. 2008 నుంచి ఆయన బృందం ఊరూరా తిరిగి, మీ అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉన్నవి తీసుకురండి అని జనాన్ని పిలిచింది. వచ్చినవన్నీ తీసుకుపోలేదు. వాటిని ఎలా భద్రపరచుకోవాలో వాళ్ళకే నేర్పించింది. ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకుంది. బానిసలను విడిపించిన హారియట్ టబ్‌మన్ శాలువా, కీర్తనల పుస్తకం అలా ఒకరి ఇంటి నుంచి వచ్చినవే. 2016 సెప్టెంబరు 24న ఆ మ్యూజియం తెరిచేనాటికి ముప్పై వేలకు పైగా వస్తువులు చేరాయి. వందేళ్ళు నిరీక్షించి, ఇంటింటి నుంచి పోగుచేసి కట్టుకున్న మ్యూజియం అది.

మన విషయానికి వద్దాం. 2014లో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో భారతీయ అమెరికన్ల మీద "బియాండ్ బాలీవుడ్" అనే ప్రదర్శన పెట్టారు. డాక్టర్లు, మోటెల్ యజమానులు, టాక్సీ డ్రైవర్లు, స్పెల్లింగ్ పోటీల్లో గెలిచిన పిల్లలు అందులో కనిపించారు. ఈ దేశపు చరిత్రలో మనకూ ఒక గోడ దొరికింది. అయితే మ్యూజియంవాళ్ళు చూపించగలిగేది మనం దాచినదే, చెప్పగలిగేది మనం చెప్పినదే.

1965 చట్టం తరువాత ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని వచ్చామని చెప్పే తరం మన మధ్య ఇంకా ఉంది. ఆ తరం ఇల్లు మారినప్పుడల్లా ముందుగా చెత్తబుట్టలోకి వెళ్తున్నవి ఏమిటో చూడండి. నీలం రంగు ఏరోగ్రాములు, మొదటి ఉద్యోగపు బ్యాడ్జి, ఉగాది నాటకం ఫోటోలు, అమ్మ గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు, ఇదిగో ఇలాంటి సైక్లోస్టైలు సంచికలు. ఉత్తరాలు చదవలేని పిల్లలకు అవి చిత్తు కాగితాలే.

అందుకని సంఘ సభ్యులకు మా మనవి. పాత ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి, బాల్‌పాయింటుతో వద్దు. ఉత్తరాలకు టేపు అంటించకండి, ఇనుప క్లిప్పులు తీసేయండి. బేస్‌మెంటులో చెమ్మ, అటక మీద వేడి కాగితానికి శత్రువులు. ఆమ్లం లేని కాగితపు పెట్టెల్లో పెట్టి ఇంటి మధ్య అలమారులో ఉంచండి. క్యాసెట్లను పాడైపోకముందే కంప్యూటరులోకి ఎక్కించండి. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మ్యూజియం చూపించడంతో పాటు ఒక గంట కూర్చోబెట్టి వాళ్ళ మాట రికార్డు చేయండి. ఏ సంవత్సరం ఏ ఊరు విడిచారు, ఎవరు అప్పు ఇచ్చారు, మొదటి చలికాలం ఎలా గడిచింది, అన్నీ అడగండి.

స్మిత్సన్ సవరన్లు దాచిపెట్టి ఇచ్చాడు. మనం కాగితాలైనా దాచిపెట్టి ఇద్దాం. కొల్లూరు తవ్విన వాళ్ళ పేర్లు రాసి పెట్టినవాళ్ళు లేకపోయారు. మన పేర్లు రాయడానికి మనం ఉన్నాం, రాయడమూ వచ్చు. ఆ పని ఈ వేసవిలోనే మొదలుపెడదాం.